పాస్తా మీద శాఖాపరమైన విచారణ

దక్షిణామూర్తి గారికి వంట నేర్పింది ఒక పాస్తా పొట్లం.

భార్య ఉన్నన్నాళ్ళూ ఆయన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చింది కాదు. ఆవిడ పోయిన కొత్తలో, హోటలు తిండికి విసుగెత్తి, ఒక సాయంత్రం కొట్టుకి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, బియ్యం సంచీ తిప్పి చూశారు. కందిపప్పు పొట్లం తిప్పి చూశారు. ఎలా వండాలో ఎక్కడా రాసి లేదు. అది అందరికీ తెలిసే ఉంటుందని అనుకున్నారు కాబోలు. పాస్తా పొట్లం వెనక మాత్రం అన్నీ ఉన్నాయి. నీళ్ళెన్ని, ఉప్పెంత, ఎంతసేపు. ఎమ్మే చదివిన మనిషి, అచ్చులో ఉన్నదాన్ని నమ్మి బతికినవారు. ఆ పొట్లం తనతో మర్యాదగా మాట్లాడినట్టనిపించింది ఆయనకు.

చిక్కల్లా ఒకటే. పొట్లం ఐదారుగురికి సరిపడేది, తిని పెట్టేది ఆయనొక్కరు. సగం వండి సగం దాస్తే చీమలు పట్టాయి. అంచేత ఆదివారం పూట పొట్లమంతా ఒకేసారి ఉడికించడం మొదలుపెట్టారు. ఇంకా కాస్త పలుకుండగానే దించి, వార్చి, అంటుకోకుండా చెంచాడు నూనె పట్టించి, పళ్ళెంలో ఆరబెట్టి, పూటకో డబ్బా చొప్పున సర్ది ఫ్రీజర్లో పెట్టేవారు. పూర్తిగా ఉడికిస్తే రెండోసారి వేడిచేసినప్పుడు జావైపోతుందన్న సంగతి పొట్లం మీద లేదు. అది ఆయన సొంత పరిశోధన.

వారం పొడుగునా రోజుకో డబ్బా ఆఫీసుకి వెళ్ళేది. ఆఫీసంటే తీరప్రాంత శీతల గిడ్డంగుల సంస్థ. భీమిలి వెళ్ళే దారిలో, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న పెద్ద పెద్ద గదుల్లో ఎవరెవరివో రొయ్యలు, మామిడిగుజ్జు, చింతపండు చల్లగా నిద్రపోతూ ఉంటాయి. దక్షిణామూర్తి గారు అక్కడ సీనియర్ సూపరింటెండెంటు. మధ్యాహ్నం క్యాంటీన్లో వంటవాడు అప్పలకొండ ఆ డబ్బాలోని పాస్తాను మరిగే నీళ్ళలో ఒక్క ముంచు ముంచి తీసి, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపు వేసి ఇచ్చేవాడు. ఎదురుగా అకౌంట్స్ సెక్షన్ హైమవతి గారు కూర్చునేవారు. ఆవిడ పెళ్ళి చేసుకోకుండా తల్లికి ముసలితనమంతా సేవ చేసి, ఆ తల్లి కూడా పోయాక ఒంటరిగా మిగిలారు. క్యారియర్లో ఏ బీరకాయ కూరో, కారం పెట్టిన వంకాయో తెచ్చేవారు. సగం ఇటు, సగం అటు.

పోపు వేసిన పళ్ళెం మీదికి వంగగానే ఆవిడ కళ్ళద్దాలు తెల్లగా మసకబారేవి. గాల్లోకి చెయ్యి చాచి నవ్వేవారు.

"ఏం కనపడటం లేదండీ. మీరున్నారా?"

"ఉన్నానండీ."

అంతే. ఆ అరగంట కోసం దక్షిణామూర్తి గారు మిగిలిన రోజంతా ఫైళ్ళను క్షమించేవారు. ఆగస్టు ఆఖరున హైమవతి గారు రిటైరవుతారు. రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంటున్నారు. ఆలోగా "ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి" అని అడగాలని ఆయన ఉద్దేశం. వాక్యం తయారుగానే ఉంది. రోజూ నోటిదాకా వచ్చేది, పాస్తాతో పాటు లోపలికి పోయేది.

ఇలా ఉండగా, మేనేజింగ్ డైరెక్టర్ చక్రధర్ గారు ఏదో చలిదేశంలో ముందుచూపు నిర్వహణ అనే అంశం మీద శిక్షణ పొంది వచ్చి, ఒక గురువారం క్యాంటీన్ తనిఖీకి విచ్చేశారు. దక్షిణామూర్తి గారి పళ్ళెం ముందు ఆగారు.

"ఇది ఎప్పుడు వండారు?"

"ఆదివారమండి."

"ఇవాళ గురువారం." డైరెక్టర్ గారు ఒక కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నారు. "అంటే ఆదివారం నాడే మీకు తెలుసా, గురువారం ఆకలేస్తుందని?"

"సాధారణంగా వేస్తుందండి."

"చూశారా!" అన్నారు డైరెక్టర్ గారు వెనకున్న పరివారంతో. "మన సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఊళ్ళోవాళ్ళ రొయ్యలు దాస్తోంది. మన భోజనం మనం ఏనాడైనా దాచుకున్నామా? ఈయన దాచారు. సంస్థ మొత్తంలో భవిష్యత్తులోకి అడుగుపెట్టిన ఉద్యోగి ఈయనొక్కరే."

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. పేరు భవిష్య భోజన పథకం. నోడల్ అధికారి శ్రీ దక్షిణామూర్తి. 'సంస్థ సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, వండిన ఆహారమును వండిన దినముననే భుజించుట సంస్థ ఆశయములకు విరుద్ధముగా పరిగణింపబడును. నిల్వ చేయబడని ఆహారము నిల్వకు నిలువగలదో లేదో తెలియనందున, అట్టి ఆహారము అపరీక్షితమని ఇందుమూలముగా ప్రకటించడమైనది.'

దానితో హైమవతి గారి క్యారియర్ గేటు దగ్గరే ఆగిపోయింది. బీరకాయ కూర ఏ పూట వండారని సెక్యూరిటీ అడిగితే, ఆవిడ అబద్ధమాడటం చేతగాక, పొద్దున్నే అన్నారు. దక్షిణామూర్తి గారి డబ్బాలు సంస్థ ఉమ్మడి నిల్వలో కలిసిపోయాయి. అప్పలకొండ గుండిగల కొద్దీ పాస్తా ఉడికించి, నూనె పట్టించి, ఆరబెట్టి, డబ్బాలకెత్తి గిడ్డంగికి పంపించసాగాడు.

"ఏటి బాబూ ఇది?" అన్నాడు వాడు నోడల్ అధికారితో. "పొద్దల్లా ఒండుతున్నాను. పొయ్యి నా మొకం సూసి నవ్వుతోంది. తినీవోడు ఒక్కడూ లేడు."

"తర్వాత తింటారట అప్పలకొండా."

"తరవాతంటే ఎప్పుడు బాబూ? ఆకలి ఇప్పుడేత్తంది గదా!"

ఆ ప్రశ్నను పరిశీలించడానికి కరిగింపు సంఘం ఏర్పడింది. డబ్బా కావలసిన ఉద్యోగి మూడు రోజులు ముందుగా తన ఆకలిని ప్రకటించి అనుమతి కోరాలి. మొదటి దరఖాస్తు టైపిస్టు సింహాద్రిది. సంఘం అతన్ని పిలిపించింది.

"మూడు రోజులు ఆగగలిగారు కదా?" అన్నారు అధ్యక్షులు.

"ఆగాను సార్."

"ఆగగలిగినవారికి అత్యవసరం లేనట్టే. అనుమతి నిరాకరించడమైనది."

"మరి ఆగలేకపోతే సార్?"

"ఆగలేనివారు నిబంధన పాటించనట్టే. వారిది అసలు స్వీకరించం."

సింహాద్రి, న్యాయంగానే ఉందనిపించి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

దక్షిణామూర్తి గారు డైరెక్టర్ గారి గదికి వెళ్ళి, చేతులు కట్టుకుని, జనం నీరసిస్తున్నారనీ, రోజుకు కొన్ని డబ్బాలైనా తీయనివ్వమనీ మనవి చేశారు. డైరెక్టర్ గారు జాలిగా చూశారు.

"నిల్వ తింటే నిల్వ ఎలా అవుతుందండీ? పక్క జిల్లా సంస్థలో రెండు నెలల నిల్వ ఉందట. మనకి మూడుండాలి. పైనుంచి అడిగితే ఏం చెబుతాం, తినేశామని చెబుతామా?"

మూడు నెలల నిల్వకు గదులు చాలలేదు. రొయ్యలను బయటపెట్టారు. రొయ్యల వ్యాపారి ఒకాయన లారీతో వచ్చి గేటు దగ్గర గుండె బాదుకున్నాడు.

"నా రొయ్యలేవండీ?"

"తమ రొయ్యలకు స్థానచలనం కలిగినది" అన్నాడు గుమాస్తా.

"ఎక్కడికి?"

"ఆరుబయటికి."

వాసన సముద్రం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ తరవాత మామిడిగుజ్జు వెళ్ళిపోయింది, చింతపండు వెళ్ళిపోయింది. అన్ని గదుల్లోనూ నేల నుంచి కప్పు దాకా సంస్థవారి సొంత మధ్యాహ్న భోజనం. గిడ్డంగుల సామర్థ్యాన్ని సంపూర్ణంగా వినియోగించిన ఏకైక సంస్థగా డైరెక్టర్ గారికి ఒక శాలువా కూడా వచ్చింది.

జనం బతకాలి గనక, రహస్యంగా తినడం మొదలుపెట్టారు. స్కూటర్ డిక్కీల్లో ఇడ్లీలు వచ్చాయి. ఫైళ్ళ బీరువా వెనక ఉప్మా తిన్నారు. పరమ నిష్ఠాపరుడని పేరున్న ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ పెద్దాయన మెట్లకింద గదిలో పెసరట్టు తింటూ ఎదురుపడి, "ఇది నిన్నటిదే" అని ప్రమాణం చేశాడు. దాంట్లోంచి పొగలొస్తున్నాయి.

ఆ పొగలే విజిలెన్స్ అధికారి గవర్రాజుకి దారి చూపించాయి. వేడి తిండి తిన్నవాడి కళ్ళద్దాల మీద ఆవిరి పడుతుంది, అద్దాలు చూస్తే దోషి దొరుకుతాడని అతను నివేదించాడు. మధ్యాహ్నం పూట అద్దాల తనిఖీ మొదలైంది. అయితే అద్దాలు లేని ఉద్యోగుల సంగతేమిటి? చూపు బాగున్నంత మాత్రాన శిక్ష తప్పించుకోవడం సమానత్వ సూత్రానికి విరుద్ధం కదా. అందుచేత సిబ్బంది అందరూ, అవసరం ఉన్నా లేకున్నా, కళ్ళద్దాలు ధరించాలని ఉత్తర్వు. ఆదర్శంగా ఉండాలని డైరెక్టర్ గారు కూడా పవర్ లేని అద్దాల జోడు ఒకటి పెట్టుకున్నారు. అప్పలకొండ జోడు మూడుసార్లు గుండిగలో పడింది.

దొరికిన మొట్టమొదటి నేరస్థురాలు హైమవతి గారు.

గిడ్డంగి వెనక, జనరేటర్ చాటున, ఫ్లాస్కులో తెచ్చుకున్న చారు మూతలో పోసుకుని తాగుతుండగా గవర్రాజు పట్టుకున్నాడు. ఆవిడ తలెత్తేసరికి అద్దాలు తెల్లగా ఉన్నాయట. అప్పుడు కూడా పాపం, ఆవిడ అలవాటుకొద్దీ చెయ్యి చాచి "మీరున్నారా?" అని అడిగారట. "ఉన్నాను, విజిలెన్సు" అన్నాడట గవర్రాజు.

ఆరోపణ పత్రం దక్షిణామూర్తి గారి బల్ల మీదికే వచ్చింది. 'పని వేళలలో కళ్ళద్దములపై ఆవిరి కలిగియుండుట.' విచారణాధికారి, హోదా రీత్యా, నోడల్ అధికారే.

విచారణ ఒక ఖాళీ గదిలో మొదలైంది. ఒక బల్ల. ఇటు దక్షిణామూర్తి గారు, అటు హైమవతి గారు. పక్కన సంస్థ తరఫున గవర్రాజు. వారాల తరవాత ఇద్దరూ ఒక బల్లకు ఎదురెదురుగా కూర్చోవడం అదే. బల్ల మీద తినడానికేమీ లేదన్న మాటే గాని, వేళ మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళే. ఆ వేళ నిర్ణయించింది విచారణాధికారి.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ రోజు మీ అద్దాల మీద ఆవిరి ఉన్నమాట వాస్తవమేనా అండీ?"

"అద్దాల మీద ఆవిరి ఉంటే నాకేం కనపడుతుందండీ? ఉందో లేదో నేనెలా చూస్తాను?"

విచారణాధికారి గవర్రాజు వైపు తిరిగారు. "దీనికి మీ సమాధానం?"

"నేను చూశానండి. చారు ఆవిరే."

"చారుదేనని ఎలా చెప్పగలరు?" అన్నారు హైమవతి గారు. "అంతకుముందే మూడో నంబరు గదిలో స్టాకు సరిచూసి వచ్చాను. ఆ చలిలోంచి మన ఊరి ఉక్కలోకి వస్తే ఎవరి అద్దాలైనా మసకబారతాయి. మీవి మసకబారవా, గవర్రాజు గారూ?"

జవాబుగా గవర్రాజు కడుపు పెద్దగా మూలిగింది. ముగ్గురూ మర్యాదగా విననట్టు ఊరుకున్నారు.

విచారణ వాయిదా పడింది. మర్నాడు మళ్ళీ వాయిదా పడింది. వాయిదా వేసిన ప్రతిసారీ విచారణాధికారి ముఖంలో కనబడిన తృప్తిని గవర్రాజు నిష్పాక్షికత అనుకున్నాడు. కాని ఖాళీ బల్ల ముందు హైమవతి గారు రోజురోజుకీ నీరసిస్తున్నారు. అది చూస్తూ కూర్చోవడం దక్షిణామూర్తి గారివల్ల కాలేదు. ఒక రాత్రంతా నిబంధనల పుస్తకం తిరగేసి, పొద్దున్నే డైరెక్టర్ గారి గదికి వెళ్ళారు.

"ఆవిరి తిండిదా, వాతావరణానిదా అన్నది తేలాలండి. పరిస్థితులను యథాతథంగా పునర్నిర్మించి పరీక్షిస్తే తప్ప తేలదు."

"అంటే?"

"వేడి పాస్తా ఒక డబ్బా. పోపుతో. సాక్ష్య వస్తువుగా."

"శాస్త్రీయ దృక్పథం!" అన్నారు డైరెక్టర్ గారు ముచ్చటపడి. "కానీ నిల్వ తగ్గుతుందే?"

"తగ్గదండి. విచారణలో ఉన్న డబ్బా సంస్థ అధీనంలో ఉన్నట్టే లెక్క. పుస్తకాల్లో అలాగే ఉంటుంది."

డైరెక్టర్ గారు అక్కడికక్కడే సంతకం చేశారు. పరీక్ష సమగ్రంగా ఉండాలంటే నిందితురాలి ఇంటి నుంచి తాజా కూర కూడా అవసరమన్న షరతును ఆయన చదవనేలేదు.

ఆ మధ్యాహ్నం అప్పలకొండ పోపు వేశాడు. ఎన్నాళ్ళకో ఆవాలు చిటపటలాడాయి. కరివేపాకు వాసన వరండా వెంట ఒక్కొక్క సెక్షన్లోకీ తొంగిచూసింది. టైపు మిషన్లు ఆగిపోయాయి. పళ్ళెం బల్ల మీదికి వచ్చింది. హైమవతి గారు వంగారు. అద్దాలు తెల్లబడ్డాయి.

ఆవిడ చెయ్యి చాచారు. "ఏం కనపడటం లేదండీ. మీరున్నారా?"

"ఉన్నానండీ."

గవర్రాజు రాసుకున్నాడు: 'విచారణాధికారి ఉన్నారా యని నిందితురాలు ప్రశ్నించెను. ఉన్నానని విచారణాధికారి ధ్రువీకరించెను.'

తరవాత ఒక చిక్కు వచ్చింది. పరీక్ష పూర్తయిన సాక్ష్య వస్తువును నాశనం చేయాలని నిబంధన. ఎలా నాశనం చేయాలో నిబంధనలో లేదు. ఇద్దరూ కలిసి, బీరకాయ కూరతో, శ్రద్ధగా నాశనం చేశారు. నాశనానికి సాక్షి ఉండాలి గనక గవర్రాజుకి కూడా ఒక పళ్ళెం పెట్టారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక అతని అద్దాలు కూడా తెల్లబడ్డాయి. అతను వాటిని చాలాసేపు తుడుచుకోలేదు.

"ఒక్క పరీక్షతో నిర్ధారణకు రాలేమండి" అన్నాడు చివరికి, వేళ్ళు నాకుతూ.

"రాలేం" అన్నారు విచారణాధికారి.

వారం తిరగకుండా సంస్థలో అంతరాత్మలు మేలుకొన్నాయి. మొదట టైపిస్టు సింహాద్రి వచ్చి, తన అద్దాల మీద కూడా ఒకప్పుడు ఆవిరి ఉండేదని, తన మీద వెంటనే విచారణ జరపాలని ఒప్పుకోలు సమర్పించాడు. పెసరట్టు పెద్దాయన కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు. కరిగింపు సంఘం అధ్యక్షులు సభ్యులతో సహా మూకుమ్మడిగా ఒప్పుకున్నారు. నేరస్థులు ఎక్కువై గది చాలకపోవడంతో విచారణలను క్యాంటీన్లోకి మార్చారు. బయట 'విచారణ మందిరం' అని బోర్డు పెట్టారు. మధ్యాహ్నమయ్యేసరికి పళ్ళేలు, పోపు, నవ్వులు, కూరల మార్పిళ్ళు. నిల్వ మాత్రం పుస్తకాల్లో చెక్కుచెదరకుండా మూడు నెలలకు ఉంది.

"ఇప్పుడు బాగుంది బాబూ" అన్నాడు అప్పలకొండ. "ఆఫీసు నిండా దొంగలే. అందరూ కడుపునిండా తింతన్నారు."

ఒకరోజు డైరెక్టర్ గారు వచ్చారు. అందరూ పళ్ళేల ముందు లేచి నిలబడ్డారు. ఆయన నెమ్మదిగా నడిచి దక్షిణామూర్తి గారి బల్ల దగ్గరికి వచ్చి, తన పవర్ లేని అద్దాలు సర్దుకుని, గొంతు తగ్గించారు.

"నా మీద కూడా ఒక ఆరోపణ ఉన్నట్టుంది, చూస్తారా?"

"తప్పకుండానండి. కూర్చోండి. అప్పలకొండా, సార్ కేసు పట్రా."

ఆగస్టు నెల అలా గడిచి, ఆఖరి వారం వచ్చింది. అందరి కేసులూ ఎంతకాలమైనా సాగొచ్చు. హైమవతి గారిది సాగకూడదు. విచారణ పెండింగులో ఉన్న ఉద్యోగి, రిటైరైనా సరే, ఊరు విడిచి వెళ్ళరాదని నిబంధన. దక్షిణామూర్తి గారు రెండు రోజులు మథనపడ్డారు. నివేదిక రాయకపోతే చాలు, ఆవిడ ఇక్కడే ఉంటారు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం పళ్ళెం పక్కకి జరిపి చెప్పారు.

"రేపు మీ కేసు ముగించేస్తానండీ. దోషం లేదని రాశాను. మీరు నిశ్చింతగా రాజమండ్రి వెళ్ళొచ్చు."

హైమవతి గారు ముద్ద కలపడం ఆపారు. "నన్నడక్కుండానే ముగించేస్తారా?"

"అంటే... మీకు ఇబ్బంది కలగకూడదని..."

"ఆరోపణకు జవాబు చెప్పుకునే హక్కు నాకుంది కదండీ? నేనింకా చెప్పలేదు. నాకు గడువు కావాలి."

"ఎంత గడువండీ?"

"మీ దగ్గరెంత ఉంది?"

దక్షిణామూర్తి గారు పళ్ళెం వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. విచారణాధికారికి ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఏం చేయాలో పుస్తకంలో లేదు. అప్పుడు, ఇన్ని నెలలూ నోటిదాకా వచ్చి వెనక్కి పోయిన వాక్యం, ఎవరూ వేడిచేయకుండానే బయటికి వచ్చేసింది.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి."

"అది కూడా విచారణేనా?"

"కాదండీ. భోజనమే."

గవర్రాజు కలం ఎత్తాడు. ఇద్దరినీ చూశాడు. కలం జేబులో పెట్టుకుని, ఇంకాస్త కూర వేయమని అప్పలకొండను పిలిచాడు.

ఆదివారం హైమవతి గారు లేత బీరకాయలు తెచ్చి, వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని చెక్కు తీస్తున్నారు. దక్షిణామూర్తి గారు గిన్నెలో పొట్లమంతా పోశారు. అలవాటుగా డబ్బాలు వరసగా పేర్చబోయి, ఆగి, మళ్ళీ అలమారలో పెట్టేశారు. వేళ కాగానే, అలవాటుగానే, పలుకుండగానే దించబోయారు. మూత తీసేసరికి ఆవిరి ఒక్కసారిగా పైకి లేచింది. గుమ్మం, స్టూలు, బీరకాయలు, ఆవిడ, అన్నీ తెల్లటి మసకలో కలిసిపోయాయి. రెండు చేతుల్లోనూ మసిగుడ్డలు. అద్దాలు తుడుచుకునే వీలు లేదు.

"ఏం కనపడటం లేదండీ" అన్నారాయన. "మీరున్నారా?"

"ఉన్నాను" అన్నారు హైమవతి గారు. "అప్పుడే దించకండి. దాచేది కాదుగా, పూర్తిగా ఉడకనివ్వండి."